తేట నీళ్లు

పుష్పవతి తన అప్ప బేబి ఇంటికి వచ్చింది గానీ గుమ్మం దాటలేదు. చెప్పులు కూడా విడవలేదు. చేతిలో ఉన్న కూల్‌డ్రింకు సీసాను అరుగు మీద పెట్టి పక్కకు జరిగి నిలబడింది. సీసాలో మెరూన్ రంగు నీళ్లు మెడదాకా ఉన్నాయి.

"ఏటే ఇది?" అంది బేబి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చి.

"మా వంగనారులో నిలబడ్డ నీళ్లు. నీయే గదా. నీకాడే ఉంచుకో."

"లోపలికి రాయే. ఎండన పడి వచ్చీవు, ముందు మంచినీళ్లు తాగు."

"నీ ఇంట్లో మంచినీళ్లా?" అంది పుష్పవతి. వీధి చివర ఆగి ఉన్న షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆ సీసాను ఎక్కడ పెట్టాలో బేబికి తెలియలేదు. ఫ్రిజ్ మీద పెట్టింది. అక్కణ్ణుంచి తీసి పెరటి గోడ మీద పెట్టింది. పారబోసేద్దామని మూత తిప్పింది. ఎక్కడ పారబోసినా చివరికి చేరేది పెరటి వెనక పారే గెడ్డలోకే అని గుర్తొచ్చి మళ్లీ మూత బిగించింది.

మొదట్నుంచీ ఆమె కాలు ఒకచోట నిలవని మనిషి. కూర్చుని అన్నం తినడం ఆమెకు చేతకాదని వాళ్లమ్మ అనేది. పెళ్లయి నర్సీపట్నం వచ్చాక ఊరికే ఉండలేక, పెరట్లో ఒక పొయ్యి వేసి, మ్యాచింగ్ సెంటర్ల వాళ్లకు లంగాల గుడ్డకు రంగులు వేసిచ్చే పని మొదలుపెట్టింది. చీర అంచు ముక్క చూపిస్తే చాలు, సరిగ్గా ఆ రంగే తెచ్చేది. ఒక పొయ్యి నాలుగయింది, పెరడు షెడ్డయింది. ఇప్పుడు అబీద్ సెంటర్ నుంచి నాతవరం రోడ్డు దాకా ఏ బట్టల షాపుకెళ్లి లంగా అడిగినా, అందులో సగం బేబి షెడ్డులో ఉడికినవే. భర్త చినబాబు షేర్ ఆటో నడుపుతాడు. ఉదయం ట్రిప్పుల్లో మనుషుల్ని, మధ్యాహ్నం గుడ్డ మూటల్ని మోస్తాడు.

షెడ్డు వెనకే గెడ్డ. వానాకాలంలో కొండ నీళ్లతో పొంగుతుంది, ఎండాకాలంలో మోకాలు లోతు కూడా ఉండదు. అది మలుపులు తిరుగుతూ కిందికి పోయి, పుష్పవతి మెట్టినింటి వాళ్ల చెరకు తోటల్నీ కూరగాయల మళ్లనీ తాకుతుంది. ఆ ఊళ్లో వాళ్లు పొద్దున్నే గెడ్డ చూసి, "ఇయ్యాల మీ అప్ప పచ్చరంగు ఏసినాది" అనేవారు పుష్పవతితో. మొదట్లో ఆమె కూడా నవ్వేది. అత్తగారు అచ్చియమ్మ పంచె జాడిస్తే గులాబీ రంగు అంటుకున్నప్పుడూ నవ్వింది. గేదె ఆ నీళ్ల దగ్గర ముట్టె పెట్టి, వాసన చూసి, తాగకుండా వెనక్కి తిరిగిన రోజున నవ్వడం మానేసింది. ఇప్పుడు వంగనారు మొత్తం ఆకులు ముడుచుకుని పడిపోయింది.

"రెండ్రోజులు పోతే అదే వత్తాది. అప్పాసెల్లెళ్ల మధ్య ఇయన్నీ మామూలే," అన్నాడు చినబాబు, ఆటో చక్రం కడుగుతూ.

పుష్పవతి రాలేదు. మేనకోడలి చెవులు కుట్టించిన రోజున భోజనాల బంతిలో పక్కపక్కనే కూర్చోవలసి వచ్చింది. బేబి నీళ్ల గ్లాసు అందిస్తే పుష్పవతి అందుకోకుండా, అవతలి వైపు కూర్చున్నామె గ్లాసు తీసుకుని తాగింది. చూసినవాళ్లు చూశారు. బేబి విస్తరి ముందు నుంచి లేచి వడ్డన గరిటె పట్టుకుంది. ఆ రోజు బంతులన్నీ అయ్యేదాకా అది వదల్లేదు.

మర్నాడు షెడ్డులో నీలం గంగాళం ఖాళీ చేస్తున్న దేవుళ్లును ఆపింది. దేవుళ్లు ఆమె దగ్గర మొదట్నుంచీ ఉన్న పనివాడు.

"ఉండు. వదలకు."

"వదలకపోతే ఎక్కడ పెడతామమ్మా? మధ్యాన్నం గుడ్డ ఏటిలో ఏత్తాం?"

బేబి పక్కకు జరిగింది. నీలం నీళ్లు కాలవలోకి పోతుంటే కళ్లప్పగించి చూసింది. అది మలుపు దాటేదాకా గట్టు మీద కూడా నడిచింది.

డిగ్రీ కాలేజీలో పిల్లలు జీడి తొక్కలతో, చెరకు పిప్పితో రంగునీళ్లను తేట చేసి చూపించారని ఆమెకు చెప్పింది ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పని చేసే అమ్మాయి. బేబి ఆ సాయంత్రమే కాలేజీకి వెళ్లింది. కెమిస్ట్రీ చెప్పే రమేష్‌బాబు గారు ల్యాబ్‌కు తాళం వేస్తున్నారు. సంగతి విని తాళం తీశారు.

ఒక గాజు గొట్టంలో తడి పిప్పి కూరి, పైన నీలం నీళ్లు పోశారు. నీళ్లు మెల్లగా దిగాయి. కింద బీకరులో పడ్డ చుక్కలకు రంగు లేదు. బేబి కిందికి వంగి చుక్క చుక్కా చూసింది.

"రంగెటెళ్లిపోనాదండీ?"

"ఎక్కడికీ పోలేదమ్మా. పిప్పికి అంటుకుంది. పిప్పిలో పీచుంది కదా, గుడ్డలాగే అదీ రంగు పట్టుకుంటుంది. కాకపోతే ఇది మేము వాడిన రంగు. మీరు గుడ్డకు వేసేవి వేరు, వాటికి పచ్చి పిప్పి అంతగా ఆగదు. పిప్పిని గాలాడకుండా మాడ్చి బొగ్గు చేస్తే బాగా పట్టుకుంటుంది. నీళ్లు కూడా కొంచెం పులుపు మీద ఉండాలి. ఇదంతా గ్లాసులో చేసిన పని సుమండీ. తొట్టిలో ఎలా ఉంటుందో నాకూ తెలియదు."

"తొట్టి సంగతి నాను సూసుకుంతాను," అంది బేబి. అప్పటికే సగం గుమ్మం బయట ఉంది.

చెరకు పిప్పి కావాలంటే గానుగ దగ్గరికి వెళ్లాలి. బెల్లం వండుతున్న రోజులు. దగ్గర్లో ఉన్న గానుగ పుష్పవతి మొగుడు రాజుబాబుదే. బేబి తను వెళ్లలేక చినబాబును పంపింది. రాజుబాబు బెల్లం పెనం దగ్గరే నిలబడి, ఎండబెట్టిన పిప్పి కుప్ప చూపించి, "మా ఇంటిది సూడకముందే బేగి ఎత్తుకుపో అన్నయ్యా," అన్నాడట. ఎత్తుతుండగా పుష్పవతి వచ్చింది. ఎందుకని అడిగింది. చినబాబు చెప్పాడు. ఆమె పైన వేసిన తడి పిప్పి తీసేసి, కింది నుంచి ఎండిన పిప్పి లాగి ఆటోలో తనే వేసింది.

ఆ మాట విన్న బేబి ఆ రోజు పనిచేసిన వేగం చూసి దేవుళ్లు భయపడ్డాడు.

మొదటి ప్రయత్నం గబ్బు పట్టింది. మేష్టారు చెప్పింది సగం విని, తొందరకొద్దీ మాడ్చని పిప్పినే తొట్టి నిండా కూరేసింది. అందులో ఇంకా తీపి మిగిలి ఉంది. నీళ్లు పులిసి నురగ తేలాయి. ఈగలు షెడ్డంతా ముసిరాయి. మెరూన్ నీళ్లు కాస్తా చింతపండు రసం రంగులో బయటికొచ్చాయి. అప్పుడు పిప్పిని వేడినీళ్లలో ఉడికించి, పిండి, ఎండబెట్టింది. పాత డ్రమ్ముకు మూత బిగించి మాడ్చింది. పొగకు ఇరుగుపొరుగు కేకలేస్తే, డ్రమ్మును ఆటోలో వేయించుకుని ఊరి బయట జీడితోటలోకి పోయి మాడ్చింది. బొగ్గు దంచుతుంటే ముఖం, మెడ, చీర కుచ్చిళ్లు అన్నీ నల్లబడ్డాయి. గుడ్డకు రంగు తేలడానికి వాడే ఆసిడే కొంచెం కొంచెంగా కలిపి నీళ్ల పులుపు సరిచేసుకుంది. తొట్టి అడుగున కంకర, మీద ఇసుక, దాని మీద బొగ్గు, పైన ఉడికించిన పిప్పి పరిచింది. ఒకసారి ఇసుక జారి బొగ్గంతా గెడ్డలోకి పోయింది. ఆ రోజు కింది ఊళ్లో వాళ్లు నల్లరంగు లంగాల ఆర్డరేదో వచ్చిందనుకున్నారట.

"ఎందుకమ్మా ఇదంతా? ఒక పూట కూకుని అన్నం తిను," అన్నాడు దేవుళ్లు.

"కూకుంటే అదే మొకం కనబడతన్నాది," అంది బేబి. ఎవరి మొహమో ఆయన అడగలేదు.

చివరికి ఒక ఉదయం గొట్టం చివర నుంచి పడ్డ నీళ్లలో కింది తొట్టి అడుగున ఉన్న గులకరాళ్లు కనబడ్డాయి. పైనుంచి పోసింది ముదురు నీలం. బేబి అరచేతిలో పట్టుకుని వెలుతురుకు పెట్టి చూసింది. చేతి గీతలు కనిపించాయి. దేవుళ్లును పిలిచి చూపించింది. ఆటో స్టార్ట్ చేస్తున్న చినబాబును ఆపి చూపించింది. లోపల ముగ్గురు ప్యాసింజర్లుంటే వాళ్లకూ చూపించింది.

రంగు పట్టిన బొగ్గును ఎక్కడ పడితే అక్కడ పోయకుండా, వానకు తడవకుండా పైన రేకు వేసి సిమెంటు గుంటలో దాచమని రమేష్‌బాబు చెప్పారు. అలాగే చేసింది. ఉగాది వెళ్లేసరికి గెడ్డలో రంగన్నది కనబడ్డం మానేసింది.

పుష్పవతి ఒక మధ్యాహ్నం వచ్చింది. ఈసారి చెప్పులు విడిచి లోపలికొచ్చింది. చేతిలో కొత్త బెల్లం దిమ్మ. తొట్టి దగ్గర నిలబడి చాలాసేపు చూసింది.

"మా గానుగ పిప్పేనా ఇది?"

"మీదే."

"మా అత్తయితే నమ్మట్లేదు. గెడ్డకాడ కూకుని ఎప్పుడు రంగొత్తాదా అని సూత్తన్నాది."

ఇద్దరూ నవ్వారు. పుష్పవతి కుండలో నీళ్లు ముంచుకుని తాగింది. అన్నం తిన్నది. వెళ్తూ వెళ్తూ, "మళ్లీ వంగనారు పోత్తన్నాం అప్పా. ఇంక బోరు నీళ్లకని పక్కోళ్ల కాళ్లు పట్టుకోనక్కర్లేదు," అంది.

చెల్లెలు వెళ్లాక తనకు హాయిగా ఉండాలని బేబి అనుకుంది. గిన్నెలు తోమింది. తోమిన గిన్నెలు మళ్లీ సర్దింది. ఎందుకో కుదుట పడలేదు. ఇన్నాళ్లూ పరిగెత్తిన కాలు కదా, ఒక్కసారిగా ఆగదులే అని సర్దిచెప్పుకుంది.

మూడు వారాల తరవాత పేపరు విలేఖరి ఒకాయన ఫొటో తీసేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. కాలేజీ పిల్లలు కూడా వచ్చారు. రమేష్‌బాబు గారికి క్లాసుండి రాలేదు. వీధిలో వాళ్లంతా షెడ్డు ముందు మూగారు. ఒక వైపు గ్లాసులో మెరూన్ నీళ్లు, ఇంకో వైపు తేట నీళ్లు పెట్టి బేబిని మధ్యలో నిలబెట్టారు.

"కొంచెం నవ్వండమ్మా. ఆ తేట నీళ్ల గ్లాసు పైకెత్తండి. తాగుతున్నట్టుగా పెదాల దగ్గర పెట్టండి. ఆఁ, అలా."

బేబి పెట్టింది. ఫొటో తీసేవాడు గ్లాసు ఇంకొంచెం వంచమన్నాడు. వంచింది. నీళ్లు పెదాలకు తగిలాయి, నాలుక చివరకి చేరాయి.

ఉప్పు.

ఉప్పే. వెనక నుంచి కాస్త చేదు. గుడ్డకు రంగు పట్టాలంటే గంగాళంలో ఉప్పు పోయాలి, సోడా వేయాలి. ఎన్నేళ్లుగానో తన చేత్తోనే బస్తాలకు బస్తాలు కుమ్మరిస్తోంది. రంగు పోయింది సరే, ఆ ఉప్పు ఎక్కడికి పోతుంది? ఆ ప్రశ్న ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా ఆమెకు రాలేదు. రంగు, రంగు అనుకుంటూ తిరిగింది.

ఫొటో వాడు క్లిక్కుమనిపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బేబి మొహాన నవ్వు అలాగే నిలబడి ఉంది. జనం కదిలాక పెరట్లోకి పోయి ఉమ్మేసింది. నోరు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది.

తరవాత కాలేజీకి వెళ్లింది. స్టాఫ్ రూమ్ బయట రమేష్‌బాబును పట్టుకుంది.

"ఉప్పు పోదేటండీ పిప్పికి?"

ఆయన వెంటనే అర్థం చేసుకున్నారు.

"పోదండీ. బొగ్గు రంగును పట్టుకుంటుంది, ఉప్పు నీళ్లతో పాటే దిగిపోతుంది. మీరు రంగు గురించి అడిగారు, నేనూ దాని వరకే ఆలోచించాను. మీ తొట్టి నీళ్లు ఒక్కసారైనా తెప్పించి చూడాల్సింది నేను. గెడ్డలో నీళ్లు బాగా ఉంటే కొంత పలచనవుతుంది గానీ, ఈ ఎండల్లో..."

"ఈ ఎండల్లో గెడ్డంతా నా నీళ్లేనండీ," అంది బేబి.

"ఇదివరకూ ఆ ఉప్పు ఉండేదే కదా. ఇప్పుడు కొత్తగా వచ్చింది కాదు."

"ఇదివరకు ఎవలూ ముట్టుకునీవోరు కాదు."

ఆ మాట తన నోట్లోంచి బయటికొచ్చాక గానీ దాని బరువు ఆమెకు తెలియలేదు. ఇక అక్కడ నిలబడలేదు. చినబాబుకు ఫోన్ చేస్తే ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సీట్లు నిండడం కోసం ఆగి ఉన్నాడు.

"ఎవలూ వద్దు. ఎల్దాం పద. పుష్ప ఊరికి. బేగి."

"ఇద్దరెక్కినారే. దింపేత్తే ఏటంటారు?"

"ఆళ్లనీ తీసుకురా. మధ్యలో దింపుదువు."

ఆటో బజారులో ఆగి ఆగి కదిలింది. చెరకు ట్రాక్టరు వెనక పడితే దాన్ని దాటే దారి దొరకలేదు. బేబి పక్క రాడ్డు పట్టుకుని సగం బయటికి వంగి ముందు రోడ్డు చూస్తూనే ఉంది. ఏమైందని చినబాబు అడిగితే, "ఉప్పు" అంది. ఫోన్ చేస్తే పుష్పవతి ఎత్తలేదు.

గెడ్డ మలుపు దగ్గర ఆటో ఆగకముందే దిగింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్లు గిన్నెలు కడుగుతున్నారు. మలుపులో మడుగు కట్టిన చోట గేదె ఒకటి మెడదాకా మునిగి పడుకుని ఉంది, దాని దూడ ఆ పక్కనే నీళ్లలో నిలబడి తాగుతోంది. అచ్చియమ్మ రాయి మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకుంది. గట్టు మీద మోటారు చప్పుడు. దాని పైపు పుష్పవతి వాళ్ల మడిలోకి పోతోంది. మడి మధ్యలో పుష్పవతి చీర ఎగ్గట్టుకుని, చిన్న పారతో కాలవ సరిచేస్తోంది. నారు వేలెడు ఎత్తు లేచింది.

బేబి తిన్నగా మోటారు దగ్గరికి పోయి స్విచ్చి కట్టేసింది.

చప్పుడు ఆగిపోయేసరికి అందరూ తలెత్తారు.

"ఏటి అప్పా?" అంది పుష్పవతి.

"పెట్టకు ఆ నీళ్లు. దూడని లాగండి ఎవలైనా. ఆ గిన్నెలు మంచినీళ్లతో మళ్లీ కడుక్కోండి అమ్మా."

"ఏటయ్యింది? రంగు లేదు గదా."

"రంగు లేదు. ఉప్పుంది. సోడా ఉంది. నాను ఏసిందే. పిప్పికి రంగు పోయింది గానీ అది పోలేదు. నాకు ఇయ్యాలే తెలిసింది."

అచ్చియమ్మ వంగి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. మొహం ముడుచుకుంది. కాళ్లు నీళ్లలోంచి తీసి రాయి మీద పెట్టుకుంది.

పుష్పవతి మడిలోంచి రాలేదు. కిందికి వంగి ఒక మొక్క ఆకు పట్టుకుని చూసింది. ఆకు అంచు గోధుమ రంగు తిరిగి ఉంది. పక్క మొక్క చూసింది. ఇంకోటి చూసింది.

"ఎండకనుకున్నాను," అంది మెల్లగా. "మొన్నట్నుంచీ ఇలగే అవతన్నాది. ఎండకనుకుని ఇంకా ఎక్కువ పెట్టీను."

"పుష్పా..."

"రంగున్నప్పుడు తాగకూడదని దూడక్కూడా తెలిసీది అప్పా. వాసన సూసి ఎనక్కొచ్చీసీది. ఇప్పుడు దానికి ఎవలు సెప్తారు?"

చినబాబు గెడ్డలోకి దిగి దూడ మెడ తాడు పట్టుకుని లాగాడు. అది రానని కాళ్లు బిగబట్టింది. చల్లటి నీళ్లు, అది మాత్రం ఎందుకొస్తుంది. బేబి కూడా దిగి వెనక నుంచి తోసింది. చీర నడుం దాకా తడిసింది. పుష్పవతి గట్టు మీద నిలబడి చూసింది తప్ప సాయం పట్టలేదు.

ఆ సాయంత్రం వాళ్ల పక్క పొలం బోరు నుంచి నీళ్లు తెచ్చి మడిని కడిగారు. బిందెలతో మోశారు. బేబి మోసింది, చినబాబు మోశాడు. రాజుబాబు కూడా బిందె అందుకుని వాళ్ల వెనకే నడిచాడు. అదే బేబికి ఎక్కువ బాధ అయింది. సగం నారు నిలబడింది, సగం పోయింది.

వెనక్కి వస్తూ దారిలో విలేఖరికి ఫోన్ చేసింది. ఉప్పు సంగతి కూడా రాయమంది.

"పేజీ వెళ్లిపోయిందమ్మా. అది ఇంకో వార్త అవుతుంది. తర్వాత చూద్దాం."

పొద్దున్నే పేపర్లో ఆమె బొమ్మ వచ్చింది. గ్లాసు పెదాల దగ్గర, మొహంలో నవ్వు. వీధిలో వాళ్లు తెచ్చి చూపించారు. కొయ్యూరు వైపు నుంచి కూడా ఎవరో తెలిసినవాళ్లు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. బేబి ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ, "అది తాగీ నీళ్లు కాదండీ, అందులో ఉప్పుంది," అని చెప్పింది. కొందరు విన్నారు. కొందరు అది వినయం అనుకున్నారు.

గెడ్డలోకి పోయే గొట్టానికి దేవుళ్లు చేత సిమెంటు పెట్టించి మూయించేసింది. దాంతో తొట్లు నిండిపోయాయి. గంగాళాల్లో ఉన్న నీళ్లు ఎక్కడికీ పోవు, కొత్త గుడ్డ వేయడానికి చోటు లేదు. షెడ్డు ఆగిపోయింది. మ్యాచింగ్ సెంటర్ల వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. బేబి తొట్టి చుట్టూ తిరిగింది. ఇంట్లోకి పోయింది, వచ్చింది. తేట నీళ్లు నాలుక మీద పెట్టుకుంది, ఉమ్మేసింది, మళ్లీ పెట్టుకుంది.

"ఇంత ఉప్పు పోసీనేటి నాను," అంది దేవుళ్లుతో.

"రోజూ పోసిందే గదమ్మా. ఇయ్యాల కూడా పొయ్యాలి."

బేబి తిరగడం ఆపింది.

"ఏటన్నావు?"

"కొత్త గంగాళం పెడితే ఇయ్యాల కూడా ఉప్పు పొయ్యాలి గదా అంతన్నాను."

ఆమె దేవుళ్లు మొహం చూసింది. తొట్టి చూసింది. రమేష్‌బాబుకు ఫోన్ చేసి, ఆ ఉప్పునీళ్లనే మళ్లీ గంగాళంలో పోయొచ్చా అని అడిగితే, ఆయన, "చేయొచ్చండీ. రంగు తీసేసిన ఉప్పునీళ్లతోనే మళ్లీ రంగు కలపొచ్చు. కొన్ని చోట్ల చేస్తారని చదివాను. కాకపోతే ఎలా వస్తుందో చిన్న ముక్క మీద చూసుకోండి. ఈసారి నేనూ వస్తాను," అన్నారు. వచ్చారు కూడా. చొక్కా చేతులు మడిచి సాయంత్రం దాకా షెడ్డులోనే ఉన్నారు.

మెరూన్ బాగా వచ్చింది. ముదురు నీలం, నలుపు, ఆకుపచ్చ బాగానే వచ్చాయి. లేత రంగులు మాత్రం రాలేదు. లేత గులాబీ మాసినట్టుగా వచ్చింది, గంధం రంగు గుడ్డ మీద చారలు పడ్డాయి. ఎన్ని రకాలుగా చేసినా అంతే. మ్యాచింగ్ సెంటర్ సత్తిరాజు గుడ్డను విప్పి చూసి, మడిచి పక్కన పెట్టాడు.

"ఎండాకాలం పెళ్లిళ్లకి అందరూ లేత రంగులే అడుగుతారు బేబమ్మా. ఇది నాను అమ్మలేను."

"నాకు తెలుసు. లేతయి ఇంకెవల చేతైనా ఏయించుకో. ముదురుయి నాకు ఇయ్యి."

"ఒకళ్ల దగ్గర అన్నీ దొరికితేనే గదా ఎవలైనా ఇచ్చీది."

"ఇత్తే ఇయ్యి, లేపోతే లేదు," అని చెప్పి వచ్చేసింది. అతను ముదురు రంగులు కూడా తగ్గించేశాడు. షెడ్డు ఇదివరకులా నడవడం లేదు. ఇద్దరు పనివాళ్లు వేరే చోటికి వెళ్లిపోయారు, దేవుళ్లు మిగిలాడు.

గుడ్డ జాడించిన నీళ్లు ఇంకా మిగిలిపోతూనే ఉన్నాయి. వాటిని తిరిగి వాడలేరు. షెడ్డు పక్కన గుంటలు తవ్వించి, టార్పాలిన్ పరిపించి, ఎండకు వదిలేస్తోంది. నీళ్లు ఇగిరి అడుగున తెల్లటి చార మిగులుతుంది. మే నెల ఎండలకు సరిపోతోంది. వానలొస్తే ఏం చేయాలో ఆమెకు తెలియదు. మేష్టారికీ తెలియదు, చూద్దామంటున్నారు. రోజూ పొద్దున్నే లేచి కొండ వైపు మబ్బు ఉందా అని చూడ్డం ఆమెకు అలవాటైపోయింది.

పుష్పవతి ఒక ఉదయం వచ్చింది. ఇంటి వైపు రాకుండా తిన్నగా షెడ్డు వెనక్కి పోయింది. గొట్టానికి పెట్టిన సిమెంటు చూసింది, గోరుతో గీకి చూసింది. గట్టు దిగి గెడ్డలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. గుంటల చుట్టూ తిరిగి ఎక్కడైనా టార్పాలిన్ చిరిగిందేమోనని వంగి చూసింది. బేబి వెనకాలే నడిచింది.

"ఇక్కడ మడత నలిగిపోనాది. సీలిపోద్ది," అంది పుష్పవతి ఒక మూల చూపించి.

"మారుత్తాను."

"ఇయ్యాలే మార్చు."

"సరే."

పుష్పవతి నడుం మీద చేతులు పెట్టుకుని అప్పను చూసింది. బేబి చిక్కింది. చేతుల మీద పాత రంగుల మరకలు గోళ్ల చుట్టూ ఉన్నాయి.

"నువ్వు తేటగున్నాయంటే ఇంక నాను నమ్మను అప్పా. నాను సూసుకుంతాను."

"సూసుకో."

"రేపొత్తాను. ఎల్లుండీ వత్తాను. ఎప్పుడొత్తానో సెప్పను."

"రా."

"ఆ రోజు నువ్వొచ్చి మోటారు కట్టకపోతే మొత్తం నారు పోయీది," అంది పుష్పవతి, అటు వైపు తిరిగి. "అది కూడా గుర్తుంది నాకు."

బేబి టార్పాలిన్ మూల పట్టుకుని లాగింది. బరువుకు అది కదల్లేదు. పుష్పవతి చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు దోపుకుని, అవతలి మూల పట్టుకుంది.